అరవై రెండు సార్లు

ఇమానీ ప్రూయిట్ కుర్చీని గది మూలకు, పుస్తకాల అర పక్కకు లాక్కుని కూర్చుంది. ఒళ్లో అట్ట, దాని మీద ఒక కాగితం, చేతిలో పెన్సిలు. తను అక్కడ లేనట్టే అనుకోమంది. మార్లిస్ కోస్కెలాకు అది చేతకాలేదు. ఇరవై ఏడేళ్లుగా ఈ బడిలో కౌన్సిలరుగా, ఈ గదిలోనే పిల్లల దిగుళ్లు వింటోంది. వింటూ ఉండగా మూలన కూర్చుని ఒకరు రాసుకోవడం మాత్రం ఇదే మొదలు.

పరీక్షించి చూసి, పిల్లల భయాల మీద పనిచేస్తాయని తేలిన పద్ధతులను బడుల్లోని కౌన్సిలర్లందరికీ నేర్పాలని విశ్వవిద్యాలయం వాళ్లు పూనుకున్నారు. వేసవిలో రెండు రోజుల తరగతులు పెట్టారు. మార్లిస్ శ్రద్ధగా నోట్సు రాసుకుంది, ఇంటికొచ్చి దాన్ని బీరువాలో పెట్టింది. విన్నంత మాత్రాన ఎవరికీ పని రాదని వాళ్లకు ముందే తెలుసు కాబోలు, ఇప్పుడు బడికొకరిని పంపి పక్కన కూర్చోబెడుతున్నారు. ఇమానీకి ముప్ఫై దాటి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. మంచులో మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది.

మూడో పీరియడు గంట మోగిన పదకొండు నిమిషాలకు తలుపు చప్పుడైంది. మార్లిస్ లేవకుండానే రమ్మంది. ఎవరో ఆమెకు తెలుసు.

తొమ్మిదో తరగతి పిల్ల కెండ్రా టెర్వో పసుపుపచ్చ కార్డు పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ కార్డు చూపిస్తే ఏ క్లాసులోంచైనా, ఎవరినీ అడగకుండా లేచి రావచ్చు. రెండేళ్ల కిందట మార్లిసే రాసి ఇచ్చింది. కెండ్రా ముఖం పాలిపోయింది, పెదాల చుట్టూ చెమట. మూలనున్న ఇమానీని చూసి తలూపింది. ఆమె వస్తుందని ముందే చెప్పి, పిల్లనూ తల్లినీ అడిగి ఒప్పించారు. తర్వాత అలవాటు ప్రకారం సోఫాలో ముడుచుకుని, దుప్పటి మెడదాకా లాక్కుంది.

మార్లిస్ పుదీనా టీ పెట్టి ఇచ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఏమీ కాదమ్మా, ఇక్కడ నీకు భయం లేదు, నేనున్నానుగా అంది. ఈ మాటలు ఎన్నిసార్లు అన్నదో ఆమెకే తెలియదు. గుండె దడదడలాడి, కాళ్లు తేలిపోయి, అందరి ముందూ పడిపోతానని ఆ పిల్ల భయం. డాక్టరు రెండుసార్లు పరీక్షించాడు, గుండెలో ఏ లోపమూ లేదన్నాడు. భయం మాత్రం పోలేదు. ఇరవై నిమిషాలకు కెండ్రా బుగ్గల్లోకి రంగు వచ్చింది. గంట మోగాక థాంక్స్ చెప్పి తర్వాతి క్లాసుకు వెళ్లింది.

మార్లిస్‌కు తృప్తిగానే ఉంది. వచ్చినప్పుడెలా ఉందో, వెళ్లేటప్పుడెలా ఉందో చూసేవాళ్లకు తెలియదా?

ఇమానీ కాగితం తిప్పి పెట్టి, పిల్ల మీతో ఎంత చనువుగా ఉందో అని ముందు మెచ్చుకుంది. తర్వాత అడిగింది.

"వచ్చినప్పుడు భయం పదికి ఎంతుందో అడిగారా?"

"అడగలేదు. చూస్తే తెలుస్తూనే ఉంది."

"ఈ అరగంటలో కెండ్రా ఏం నేర్చుకుని ఉంటుందంటారు?"

ఆ ప్రశ్న మార్లిస్‌కు గుచ్చుకుంది. "పడిపోలేదు కదా. గండం గడిచిందని తెలుసుకుంది."

"ఎందుకు గడిచిందనుకుంటుంది?"

"ఇక్కడికి వచ్చింది కాబట్టి" అనేసింది మార్లిస్.

ఇమానీ ఆ మాట కాగితం మీద రాసుకుంది. టీ కప్పు తీసి కడగడానికి మార్లిస్ సింకు దగ్గరికి వెళ్లింది. కప్పు శుభ్రమయ్యాక కూడా కడుగుతూనే ఉంది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ డెల్ హాగ్లండ్ కబురు పెట్టాడు. అతనూ మార్లిసూ ఒకే ఏడు ఈ బడిలో చేరారు. అతను చెడ్డవాడు కాదు, తొందర మనిషి. బల్ల మీద మాంసం కూరిన పాస్టీ సగం తిని వదిలేసి ఉంది. దాని పక్కనున్న కాగితాన్ని మార్లిస్ వైపు జరిపాడు. శుక్రవారం కెండ్రా తల్లిని పిలిచాననీ, వచ్చే నెల నుంచి పిల్ల ఇంట్లోనే కంప్యూటరులో చదువుకునేలా ఏర్పాటు చేద్దామనుకుంటున్నాననీ చెప్పాడు. తల్లి దాదాపు ఒప్పుకుందట.

మార్లిస్ కాగితం చూసింది. తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, వరసగా ఉన్నాయి. సెప్టెంబరు నుంచి ఈ పూటదాకా కెండ్రా క్లాసు వదిలిన లెక్క. అరవై ఒక్క సార్లు. రాసింది తనే. సాయం చేస్తున్నానని చూపడానికి ఏ రోజుకారోజు కంప్యూటరులో ఎక్కించిన చిట్టా అది. ఇప్పుడదే ఆ పిల్లను బయటికి పంపే కాగితమైంది.

"ఇది దాని మీద వాడటం అన్యాయం, డెల్. దీని కోసం రాయలేదు నేను."

"దేనికోసం రాసినా లెక్క లెక్కే కదా."

"పొద్దస్తమానం ఇంట్లో ఒక్కతే కూర్చుంటుంది. ఇంకెప్పటికీ బయటికి రాదు."

డెల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు నీ గదిలో కూర్చుంటోంది. తేడా ఏంటో నువ్వే చెప్పు."

మార్లిస్ కాగితాన్ని వెనక్కి జరిపింది. గదికి తిరిగొచ్చి కోటు వేసుకుంది, మళ్లీ విప్పింది. కిటికీ అవతల సరస్సు వైపు నుంచి మంచు ఏటవాలుగా కురుస్తోంది. శుక్రవారానికి మూడు రోజులు. ఆ రాత్రి భోజనం దగ్గర భర్త ఏమడిగాడో కూడా ఆమె వినలేదు.

బుధవారం బడి తెరవకముందే ఇమానీ వచ్చింది. సంగతంతా విన్నది. రెండు రోజుల్లో మహిమలేమీ జరగవని ముందే చెప్పింది. ఒక్క పరీక్ష మాత్రం పెట్టి చూడవచ్చట. గుండె దడ వస్తే పడిపోతానన్నది కెండ్రా నమ్మకం. ఆ దడను మనమే కావాలని తెప్పించి, పడుతుందో లేదో చూడాలి. ఓదార్చకూడదు, ఆపకూడదు. పక్కన ఉండి చూడాలి, అంతే.

ఉపాధ్యాయుల గదిలో కాఫీ కలుపుకునే సన్నటి స్ట్రాలు గుప్పెడు పట్టుకొచ్చింది. పిల్లతో చేయించే ముందు మీరు చేయండి అంటూ ఒకటి మార్లిస్‌కు ఇచ్చింది. ముక్కు మూసుకుని ఒక నిమిషం ఆ స్ట్రాతోనే గాలి పీల్చాలి.

మార్లిస్ నవ్వి, స్ట్రా నోట్లో పెట్టుకుంది. మొదటి పది సెకన్లు బాగానే ఉంది. తర్వాత గాలి చాలలేదు. ఛాతీ పట్టేసింది, చెవుల్లో హోరు. స్ట్రా లాగేసింది.

"ఇరవై రెండు సెకన్లు" అంది ఇమానీ. "పదికి ఎంత?"

"ఆరు. కాదు, ఏడు."

"ఏమవుతుందనిపించింది?"

"ఊపిరి ఆగిపోతుందని."

"ఆగిందా?"

"నేను తీసేశాను కదా!"

ఇమానీ తలూపి మరో స్ట్రా ఇచ్చింది. దానర్థం మార్లిస్‌కు తెలిసింది. తీసేసినంతకాలం తెలిసేది తీసేస్తే బతుకుతామని మాత్రమే. రెండోసారి కళ్లు మూసుకుని నిమిషమూ పూర్తి చేసింది. మూడోసారి విసుగొచ్చింది.

తర్వాత ఇమానీ కెండ్రా అయింది, మార్లిస్ మార్లిస్‌గానే ఉంది. ఇమానీ ఆయాసం నటించడం మొదలుపెట్టగానే మార్లిస్ నోట "ఏమీ కాదమ్మా" వచ్చేసింది. ఇమానీ ఆపి, మళ్లీ మొదటి నుంచి అంది. మళ్లీ అదే మాట. నాలుగుసార్లు అలాగే అయ్యాక మార్లిస్‌కు తన నోటి మీద తనకే కోపం వచ్చింది. ఒక మాట అడగనా అంది ఇమానీ, కొంచెం జంకుతూనే.

"ఆ మాట అన్నప్పుడు ఎవరి భయం తగ్గుతోంది?"

మార్లిస్ స్ట్రాను వేళ్ల మధ్య చదును చేసింది. పిల్లలు ఏడుస్తుంటే ఆమె చూడలేకపోయేది. ఎప్పుడూ అంతే. ఈ ఉద్యోగంలోకి వచ్చిందే అందుకు అనుకునేది.

"నాదే" అంది చివరికి.

గురువారం ఇమానీ వేరే బడికి వెళ్లింది. మార్లిస్ ఒక్కతే. భయం వచ్చే వేళ కాకుండా ముందే, మొదటి పీరియడులోనే కెండ్రాను పిలిపించింది. ఆ పిల్ల సోఫా వైపు నడవబోతే కుర్చీ చూపించింది. చేయబోయేది వివరించి, పారిపోకుండా ఉంటే భయం దానంతటదే తగ్గొచ్చని చెప్పింది. కెండ్రా అనుమానంగా విన్నది.

శనివారం ఇంట్లో సౌనాలో ఆవిరికి కూర్చున్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందని మార్లిస్ అడిగింది. ఊళ్లో సగం ఇళ్లలాగే టెర్వోల ఇంటి వెనకా ఆ ఆవిరి గది ఉంది. గట్టిగానే కొట్టుకుంటుందంది కెండ్రా.

"మరి అప్పుడు భయం వెయ్యదా?"

"అది వేరే."

"ఎందుకు వేరే?"

కెండ్రా భుజాలెగరేసింది. స్ట్రా తీసుకుంది.

గోడ గడియారం ముల్లు నెమ్మదిగా కదిలింది. ఇరవై సెకన్లకు కెండ్రా కళ్లు పెద్దవయ్యాయి. ముప్ఫైకి నీళ్లు కారసాగాయి. ఆమె చూపు మార్లిస్ ముఖం మీదే ఉంది, ఆపమను అన్నట్టు. మార్లిస్ చెయ్యి తనంతట తనే లేచింది. దాన్ని తొడ కింద అదిమి పెట్టుకుంది. నలభైకి కెండ్రా స్ట్రా ఉమ్మేసింది.

"పదికి ఎంత?"

"తొమ్మిది." ఆయాసపడుతోంది.

"పడ్డావా?"

"కూర్చునే ఉన్నాను కదా మిస్, ఎలా పడతాను?" కెండ్రా గొంతులో చిరాకు.

మార్లిస్ లేచి తన కుర్చీ వెనక్కి నెట్టింది. "అయితే నిలబడి చేద్దాం. నేనూ చేస్తాను."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ముక్కులు పట్టుకుని, స్ట్రాల్లోంచి బుసలు కొట్టారు. యాభై ఆరేళ్ల మనిషి అలా నిలబడటం చూసి కెండ్రాకు నవ్వొచ్చి, మధ్యలో దగ్గింది. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి నిమిషం నిండింది. కెండ్రా బల్ల అంచు పట్టుకోబోయి పట్టుకోలేదు.

"కాళ్లు వణికాయి" అంది. కాళ్ల వైపు చూసుకుని, "పడలేదు" అంది.

మార్లిస్ సంతోషించబోయింది. కానీ కెండ్రా ముఖంలో సంతోషం లేదు. ఏదో లెక్క వేస్తున్నట్టు కనుబొమలు ముడిచింది.

"ఇది ఇంత చిన్న పని అయితే, ఏడో క్లాసులోనే ఎందుకు చేయించలేదు?"

గంట మోగింది. మార్లిస్ జవాబు చెప్పకుండా తప్పించుకుంది. తప్పించుకున్నానని ఆమెకు తెలుసు.

అదే రోజు మూడో పీరియడులో, గంట మోగిన తొమ్మిది నిమిషాలకే తలుపు చప్పుడైంది. కెండ్రా, చేతిలో కార్డు, తెల్లబడిన ముఖం. పొద్దున చేసిందంతా ఏమైందో తెలియదు. మార్లిస్ గుమ్మంలో నిలబడి నంబరు అడగాలి, వెనక్కి తీసుకెళ్లాలి. ఇమానీ ఆ వాక్యాలు రాసి కూడా ఇచ్చింది. పిల్ల దవడ వణుకుతోంది. మార్లిస్ పక్కకు జరిగి దారి ఇచ్చింది. దుప్పటి ఇచ్చింది, టీ పెట్టింది. కెండ్రా వెళ్లాక కంప్యూటరు తెరిచి తేదీ, వేళ వేసింది. వేయకుండా ఉందామని ఒక్క క్షణం అనిపించింది. వేసింది.

శుక్రవారం డెల్ గదిలో నలుగురు. కెండ్రా తల్లి షానన్ వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీ మధ్యలో, అక్కడి నీలం యూనిఫాంలోనే వచ్చింది. మార్లిస్ ఉద్యోగంలో చేరిన కొత్తలో షానన్ ఇదే బడిలో తొమ్మిదో తరగతి. ఇప్పటికీ ఆమెను మిస్ అనే పిలుస్తుంది. కెండ్రా తల్లి పక్కన కూర్చుని కోటు జిప్పును పైకీ కిందికీ లాగుతోంది.

డెల్ కాగితం చదివాడు. అరవై ఒక్క సార్లు. ఇది ఎవరి తప్పూ కాదు, పిల్లకు బడి సరిపడటం లేదు, ఇంట్లో ప్రశాంతంగా చదువుకుంటుంది అన్నాడు. షానన్ అలసటగా తలూపింది. పని మధ్యలో బడి నుంచి ఫోను మోగినప్పుడల్లా గుండె ఆగినంత పనవుతోందనీ, పై అధికారి ఇప్పటికే రెండుసార్లు మాట అన్నదనీ చెప్పింది.

మార్లిస్ రాసుకొచ్చిన పేజీలో కెండ్రా మార్కులున్నాయి, డాక్టరు ఉత్తరం ఉంది, ఇంటి చదువు వద్దనడానికి అయిదు కారణాలున్నాయి. అన్నీ నిజాలే. నిన్న పొద్దున కెండ్రా అడిగిన ప్రశ్న ఆ పేజీలో ఎక్కడా లేదు.

"అరవై రెండు" అంది మార్లిస్. "నిన్నటిది కలపలేదు నువ్వు."

డెల్ తలెత్తాడు.

"ఈ లెక్క కెండ్రాది కాదు, నాది. భయం వేసినప్పుడల్లా నా గదికి రమ్మని కార్డు ఇచ్చింది నేను. వచ్చినప్పుడల్లా పడుకోబెట్టి, టీ ఇచ్చి, నేనున్నాననేదాన్ని. పారిపోతేనే బతుకుతావని రెండేళ్లు నేర్పాను. నేర్పింది బాగా నేర్చుకుంది. దానికి దాన్ని ఇంటికి పంపుతారా?"

జిప్పు చప్పుడు ఆగింది.

"మీకు తెలుసా అది?" అంది కెండ్రా. "తెలిసే చేశారా?"

"తెలీదు. తెలుసుకునే వీలు వచ్చింది, వేసవిలో నేర్పారు కూడా. నేను వాడలేదు. నువ్వు భయపడుతుంటే చూడటం నా వల్ల కాలేదు."

షానన్ ముఖం ఎర్రబడింది. చాలా నెమ్మదిగా మాట్లాడింది. "మీరు లేకపోతే నా కూతురు ఏమైపోయేదో అని ఊళ్లో కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్పాను మిస్. ప్రతివాళ్లకూ."

మార్లిస్ తలదించుకుంది. క్షమించమనడం కూడా ఇప్పుడు తన బరువు దించుకోవడమే అవుతుందేమోననిపించి ఊరుకుంది.

ఇది రికార్డులో రాయాల్సి వస్తుందని డెల్ ఇబ్బందిగా అన్నాడు. మార్లిస్ రాయమంది. అతను పెన్ను తీసి, మళ్లీ పెట్టి, మరి ఇప్పుడేం చేద్దామంటావని అడిగాడు. వసంతం సెలవులదాకా నాలుగు వారాలు గడువివ్వమంది. రోజూ పొద్దున అరగంట సాధన, ఇమానీ వారానికోసారి వచ్చి చూస్తుంది, తప్పు చేస్తే దిద్దుతుంది. నయమవుతుందని మాటివ్వలేనని కూడా చెప్పింది.

షానన్ కూతురి వైపు తిరిగింది. "దాన్నడగండి. అందరం దాని గురించి మాట్లాడేవాళ్లమే."

కెండ్రా కోటు జేబులోంచి పసుపుపచ్చ కార్డు తీసింది. రెండేళ్లలో అంచులు మెత్తబడి పీచులా అయ్యాయి. డెల్ బల్ల మీద పెట్టింది, మార్లిస్ వైపు చూడలేదు.

"ఇంట్లో వద్దు" అంది.

శని, ఆదివారాలు మార్లిస్‌కు ఏ పని మీదా మనసు నిలవలేదు. సోమవారం మూడో పీరియడుకు ముందు లెక్కల గది బయట నిలబడింది. వెనక బెంచీలో తను కూర్చుంటానని లెక్కల మాస్టారికి చెప్పి ఉంచింది. నేల మీద పిల్లల బూట్ల మంచు కరిగి ఉప్పు చారలు కట్టింది. కెండ్రా అందరికంటే వెనక వచ్చింది, పుస్తకాలు ఛాతీకి హత్తుకుని.

"పదికి ఎంత?"

"ఎనిమిది."

"ఏమవుతుందనుకుంటున్నావు?"

"పడిపోతాను. అందరూ చూస్తారు."

"సరే. పద, చూద్దాం" అంది మార్లిస్.

కెండ్రా గుమ్మం దగ్గర ఆగింది. "మీరు రావద్దు."

"వెనకే కూర్చుంటాను. మాట్లాడను."

"మీరుంటే, పడకపోయినా మీరున్నారనే పడలేదనుకుంటాను" అని లోపలికి వెళ్లి, తలుపు తనే వేసుకుంది.

మార్లిస్ గోడకు ఆనుకుంది. తలుపుకున్న అద్దంలోంచి చూడవచ్చు. చూస్తే కెండ్రా ఆమెను చూస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగింది. లోపల మాస్టారు ఏదో సమీకరణం చదువుతున్నాడు. పది నిమిషాలకు కుర్చీ కిర్రుమంది. మార్లిస్ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. మాస్టారి గొంతు ఆగలేదు. పిడి వదిలింది. నాకు పదికి ఎంత అని తనను తాను అడిగింది. ఎనిమిది. తనూ ఇంకెక్కడికీ వెళ్లకుండా నిలబడింది. అటుగా వెళ్తున్న డెల్ ఆమెను చూసి ఏదో అడగబోయి, అడగకుండా వెళ్లాడు. నలభై ఏడు నిమిషాలు ఆ నడవలో అంత పొడుగుంటాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

గంట మోగింది. పిల్లలు తోసుకుంటూ బయటికొచ్చారు. చివర కెండ్రా. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కింది పెదవి మీద పంటి గాటు. నేరుగా మార్లిస్ దగ్గరికి వచ్చింది.

"తగ్గుతుందన్నారు. తగ్గలేదు. మొత్తం సేపు ఎనిమిదే."

"మొత్తం సేపా?"

"మొత్తం. అబద్ధం చెప్పారు మీరు."

"తగ్గొచ్చన్నాను" అంది మార్లిస్. ఆ మాట తనకే సాకులా వినిపించింది. "పడ్డావా?"

"లేదు." దాన్నీ నేరం మోపుతున్నట్టే చెప్పింది. "నాకిప్పుడు సైన్సు ఉంది" అని పుస్తకాలు సర్దుకుని నడిచింది.

ఈ రెండేళ్లలో ఆ పిల్ల తన మీద కోపం తెచ్చుకోవడం ఇదే మొదటిసారని మార్లిస్‌కు అప్పుడు తట్టింది. వెంట వెళ్లి భుజం మీద చెయ్యి వేయాలని, ఏదో ఒకటి చెప్పాలని మనసు లాగింది. రెండడుగులు వేసింది కూడా. ఆగింది. నడవ చివర కెండ్రా ఒక్కసారైనా వెనక్కి చూడకుండా సైన్సు గదిలోకి వెళ్లిపోయింది.